కచేరీ మర్నాడు పదిన్నరకు పన్నెండు మందికి పెసరట్టు ఉప్మా: ఏ పని ఎప్పుడు చేసుకోవాలి?

పందిరి_కచేరీ
అందరికీ నమస్కారం. శ్రీరామనవమి పందిట్లో రాత్రి కచేరీ. పాట, వయొలిన్, మృదంగం, ఘటం వాళ్లు, వాళ్లతో వచ్చినవాళ్లు, ఇంట్లోవాళ్లు కలిపి పన్నెండు మంది. ఇల్లు చేరేసరికి రాత్రి ఒంటిగంట దాటుతుంది. మర్నాడు తొమ్మిదిన్నరలోపు ఎవరూ లేవరు. పదిన్నర, పదకొండు మధ్య ఒకేసారి గట్టి టిఫిను పెడితే మధ్యాహ్నం భోజనం అక్కర్లేకుండా సాయంత్రం దాకా ఆగాలి. అందరూ శాకాహారులే. పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి, కాఫీ అనుకుంటున్నాం.

ఉన్నవి: రెండు బర్నర్ల స్టవ్, విడిగా ఒక సింగిల్ బర్నర్, టేబుల్ టాప్ గ్రైండర్, మిక్సీ, మామూలు ఫ్రిజ్. వంటకు ఇద్దరం. పెసలు ఎప్పుడు నానబెట్టాలి, ఎప్పుడు రుబ్బాలి, ఎంత కావాలి అన్నదే ప్రశ్న. సాయంత్రం ఆరింటికి ఇంట్లోంచి బయల్దేరాలి.

గోదారి_పెనం
ఎంపిక సరైనదే. ఇడ్లీ, దోసె అయితే పిండి పులియాలి. ఎండాకాలం రాత్రి అది ఎప్పుడు పొంగుతుందో చెప్పలేం, మనం చూస్తే పందిట్లో ఉంటాం. పెసరపిండికి పులుపు అక్కర్లేదు, రాకూడదు కూడా. కాబట్టి గడియారం మన చేతిలో ఉంటుంది.

ముందు లెక్క. మనిషికి రెండున్నర అట్ల చొప్పున ముప్ఫై అట్లు. పొట్టు పెసలు కిలో, బియ్యం 100 గ్రాములు. ఇవి నాని రెండింతలకు పైగా బరువెక్కుతాయి. రుబ్బడానికి ముప్పావు లీటరు నుంచి లీటరు లోపు నీళ్లు పడతాయి. మామూలు గరిటెడు పిండి ఒక అట్టు అనుకుంటే 32 నుంచి 35 వస్తాయి. పచ్చిమిర్చి 15, అల్లం 50 గ్రాములు, జీలకర్ర రెండు చెంచాలు పిండిలోకి. ఉప్పు చిన్న చెంచాతో ఆరు, అదీ పోసే ముందు కలపాలి, రుబ్బేటప్పుడు కాదు.

అసలు ఇబ్బంది పిండి దగ్గర రాదు, పెనం దగ్గర వస్తుంది. ఒక అట్టు పోసి, ఉల్లిపాయలు చల్లి, కాల్చి, ఉప్మా పెట్టి మడిచి తీసేసరికి రెండున్నర నుంచి మూడు నిమిషాలు. ముప్ఫై అట్లు ఒకే పెనం మీద అంటే గంటన్నర. మొదట తిన్నవాళ్లు చేతులు కడిగేసుకున్నాక ఆఖరివాళ్లకు తొలి అట్టు అందుతుంది. రెండు పెనాలైతే ముప్పావు గంటలో అయిపోతుంది. అందుకని స్టవ్ మీద రెండు బర్నర్లూ పెనాలకే. ఉప్మా, పాలు సింగిల్ బర్నర్ మీద.

బెజవాడ_రుబ్బు
పై లెక్క సరే. నానబెట్టే సంగతి నేను చెప్తాను.

ఏప్రిల్ ఎండలో పెసలు బయట నానబెడితే నాలుగైదు గంటలు చాలు. ఆరు దాటితే నీళ్ల మీద నురగ కడుతుంది, ఎనిమిది దాటితే వాసన మొదలవుతుంది. సాయంత్రం ఆరింటికి నానబోసి వెళ్లి రాత్రి ఒంటిగంటన్నరకు చూస్తే సరిగ్గా ఆ గీత మీదే ఉంటాయి. పైగా ఆ వేళకు గ్రైండరు వేసే ఓపిక ఎవరికుంటుంది?

రెండు దార్లు. ఒకటి, మధ్యాహ్నం పన్నెండింటికి నానబోసి, నాలుగున్నరకు రుబ్బి, పిండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లడం. రెండు, సాయంత్రం బయల్దేరేటప్పుడు నానబోసి గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున ఎనిమిదికి రుబ్బడం. చల్లదనంలో మెల్లగా నానతాయి, పన్నెండు పద్నాలుగు గంటలున్నా పాడవవు. రుచికి రెండో దారే మేలు. అప్పుడు రుబ్బిన పిండికి ఉండే పచ్చటి రంగు, పెసల కమ్మదనం రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న పిండికి ఉండవు.

తంబురా_శ్రుతి
రుచికి రెండోది మేలే కావచ్చు గానీ ఒక మాట. పొద్దున ఎనిమిదికి గ్రైండరు, మిక్సీ మోత మొదలైతే రాత్రి రెండింటికి పడుకున్న కళాకారులు నిద్ర లేచిపోతారు. గొంతుకు మొదటి మందు నిద్ర. మర్నాడు సాయంత్రం ఇంకో ఊళ్లో కచేరీ ఉంటే మరీను. పాడేవాళ్లు ఇంట్లో పడుకున్నప్పుడు రుబ్బడం ముందు రోజే అయిపోవాలి.

బెజవాడ_రుబ్బు
@తంబురా_శ్రుతి ఒప్పుకుంటాను. అలాగైతే మొదటి దారే. అప్పుడు పాటించాల్సినవి మూడున్నాయి.

ఉప్పు వద్దు. ఉప్పు వేసి ఉంచిన పిండి పొద్దునకు పలచబడుతుంది. పచ్చిమిర్చి, అల్లం కూడా విడిగా నూరి చిన్న డబ్బాలో పెట్టుకోండి, పొద్దున కలపండి. అల్లం ఘాటు అలాగే ఉంటుంది.

చల్లటి నీళ్లతో రుబ్బండి. మిక్సీ అయితే మరీ ముఖ్యం. రెండో వాయికి మిక్సీ జార్ వేడెక్కి పిండి గోరువెచ్చగా దిగుతుంది. ఆ వెచ్చటి పిండే ముందు పులుస్తుంది. నీళ్లలో నాలుగు ఐసు ముక్కలు వేసుకుని ఆ నీళ్లే వాడండి. గ్రైండరుకు ఈ బాధ తక్కువ.

మూడోది చాలామంది పట్టించుకోరు. మూడు కిలోల పైచిలుకు పిండిని ఒకే లోతు గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెడితే అంచులు చల్లబడతాయి, నడుమ పిండి చాలాసేపు వెచ్చగానే ఉండిపోతుంది. పొద్దున పైన బాగానే ఉంటుంది, గరిటె అడుగుకు దింపితే పుల్లటి వాసన. పిండిని మూడు వెడల్పాటి గిన్నెల్లోకి, నాలుగు వేళ్ల మందం మించకుండా సర్ది పెట్టండి. నడుమ పిండి కూడా త్వరగా చల్లబడుతుంది.

పందిరి_కచేరీ
మూడు గిన్నెల సంగతి తెలియదు, చాలా ఉపయోగం. ఫ్రిజ్‌లో పిండి చల్లగా ఉంటే అట్టు తిరగదంటారు కదా?

గోదారి_పెనం
తిరగదు. చల్లటి పిండి చిక్కబడి ఉంటుంది. గరిటెతో తిప్పబోతే ముద్దగా గరిటె వెంటే వస్తుంది. అది చూసి నీళ్లు పోస్తారు, అరగంటకు పిండి మామూలు వేడికి వచ్చాక అదే పిండి మరీ పలచనై అట్టు చిరుగుతుంది. తొమ్మిదిన్నరకు రెండు గిన్నెలు బయట పెట్టండి, మూడోది సగం అట్లు అయ్యాక తీయండి. పదింటికి ఉప్పు, అల్లం, మిర్చి ముద్ద కలిపి అప్పుడు జారు చూసుకోండి. గరిటె ఎత్తి వంచితే తెగకుండా పట్టీలా జారాలి, నీళ్లలా కారకూడదు.

రుబ్బేటప్పుడు మరీ మెత్తగా వద్దు. రెండు వేళ్ల మధ్య రాస్తే సన్న ఇసుకలా తగలాలి. గంధంలా రుబ్బితే అట్టు సాగుతుంది, కరకర రాదు.

పెనం సంగతి. నీటి చుక్క వేస్తే చుయ్యిమని రెండు మూడు క్షణాల్లో ఇగిరిపోవాలి. చుక్క ఇగరకుండా గుండుపూసలా పెనమంతా పరుగులు తీస్తుంటే అతిగా కాలినట్టు. అప్పుడు పిండి పడగానే అక్కడికక్కడే పట్టేసుకుంటుంది, గరిటెతో తిప్పితే మధ్యలో చిల్లు. నీళ్లు చిలకరించి తడిగుడ్డతో తుడిచి, సెగ తగ్గించి పిండి పోసి తిప్పండి. తిప్పడం అయ్యాకే సెగ పెంచండి. ప్రతి అట్టుకీ ఇదే వరస: తగ్గించు, పోయి, పెంచు. ఇద్దరిలో ఒకరు రెండు పెనాలూ చూసుకుంటే ఒకటి పోసే దశలో, రెండోది మడిచే దశలో ఉండేలా నిమిషంన్నర తేడాతో మొదలుపెట్టాలి. రెండూ ఒకేసారి మొదలుపెడితే రెండూ ఒకేసారి మాడతాయి.

ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం సన్న తరుగు, జీలకర్ర పిండి తడిగా ఉండగానే చల్లి అట్లకాడ వెనకతో మెల్లగా అదమాలి. తడి ఆరాక చల్లితే ప్లేటులోకి రాలిపోతాయి. అంచుల వెంట చెంచాడు నూనె. అంచు దానంతటదే పెనం వదిలి లేస్తుంది, అప్పుడే అట్లకాడ పెట్టండి. రెండో వైపు కాల్చక్కర్లేదు.

అనంత_బొరుగులు
పెసరట్టులో బియ్యం ఎందుకు? పెసలు మాత్రమే వేస్తే రాదా?

గోదారి_పెనం
వస్తుంది, మెత్తగా. కిలోకు వంద గ్రాముల బియ్యం కరకర కోసమే. రెండొందలు దాటితే దోసె అవుతుంది, పెసల రుచి పోతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి పోసి వెంటనే పెట్టేటప్పుడు బియ్యం మానేయొచ్చు. పన్నెండు మందికి పోసేటప్పుడు అట్టు పెనం మీంచి విస్తట్లోకి వెళ్లడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు నిలబడాలంటే బియ్యం ఉండాలి.

బెజవాడ_రుబ్బు
బియ్యం విషయంలో నేను కొంచెం తేడా. యాభై గ్రాములు చాలు. కొత్త బియ్యం అయితే అవీ వద్దు, జిగురు వస్తుంది.

ఉప్మా_పక్షం
ఉప్మా గురించి ఎవరూ చెప్పలేదు. పెసరట్టులో పెట్టే ఉప్మా, విడిగా తినే ఉప్మా ఒకటి కాదు.

విడిగా తినేది పొడిపొడిగా ఉన్నా నడుస్తుంది. అట్టులోకి వెళ్లేది జారుగా, నెయ్యి తగులుతూ ఉండాలి. పెసరట్టు సహజంగా పొడిగా ఉంటుంది, ఉప్మా కూడా పొడిగా ఉంటే గొంతులో అడ్డం పడుతుంది. బొంబాయి రవ్వ 350 గ్రాములు, అంటే పావు లీటరు గ్లాసుతో రెండు. నీళ్లు ఆరు గ్లాసులు. ఉప్పు చిన్న చెంచాతో మూడు. జీడిపప్పు గుప్పెడు, మిర్చి ఎనిమిది, అల్లం అంగుళం ముక్క, ఉల్లిపాయలు రెండు, పోపు సామాను, నెయ్యి నాలుగు చెంచాలు.

రవ్వ ముందు రోజే నెయ్యిలో వేయించి డబ్బాలో పోసుకోండి. రంగు మారకూడదు, చేత్తో పట్టుకుంటే గింజ గింజ విడిగా జారాలి, కమ్మటి వాసన రావాలి. రవ్వ ఉండ కట్టడానికి కారణాలు మూడే: రవ్వ వేగకపోవడం, నీళ్లు తెర్లకపోవడం, గిన్నె వంచి ఒక్కసారే కుమ్మరించడం. నీళ్లు తెర్లుతూ ఉండగా ఎడమచేత్తో సన్నగా జల్లుతూ కుడిచేత్తో కలుపుతుంటే ఉండ రమ్మన్నా రాదు. మూత పెట్టి సన్న సెగ మీద ఐదు నిమిషాలు.

ఎప్పుడు చేయాలి అంటే పది ఇరవైకి. ముందు చేస్తే బిగుసుకుపోతుంది. పావుగంటకోసారి పావు గ్లాసు మరిగే నీళ్లు, అరచెంచా నెయ్యి వేసి కలిపితే పదకొండున్నర దాకా జారుగానే ఉంటుంది. చన్నీళ్లు పోస్తే మాత్రం పిండిపిండిగా అయిపోతుంది.

తంబురా_శ్రుతి
కళాకారులకు పెట్టేటప్పుడు కొన్ని చూసుకోవాలి. చాలామంది గాయకులు కచేరీ ఉన్న రోజు ఐసు నీళ్లు, ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు, బాగా నూనె కారే వేపుళ్లు ముట్టరు. పులుపు, కారం ఎక్కువైతే గొంతు మంట, తేన్పులు వస్తాయి, పై స్థాయి అందుకోవడం కష్టం. అందుకని రాత్రే అడిగి తెలుసుకోవడం మర్యాద. పిండిలో మిర్చి సగమే వేసి, మిగతా కారం పైన చల్లే తరుగులో ఉంచితే ఎవరికి ఎంత కావాలో అంత. పచ్చడి పక్కన పెట్టాలి, అట్టు మీద రాయొద్దు.

లేవగానే గోరువెచ్చని నీళ్లు ఫ్లాస్కులో సిద్ధంగా ఉండాలి. మృదంగం వాయించేవాళ్లకు ఆకలి ఎక్కువ ఉంటుంది. రెండు మూడు గంటలు కచేరీలో చేతులు ఆడించాక రాత్రి సరిగా తినకుండా పడుకుంటారు. వాళ్లకు రెండున్నర అట్ల లెక్క సరిపోదు, మూడు వేసుకోండి.

పందిరి_కచేరీ
పచ్చడి కొలతలు ఎవరైనా చెప్తారా? ఏటా చేదు తగులుతోందని అంటున్నారు.

గోదారి_పెనం
చేదుకు కారణం సాధారణంగా మెంతులు. పావు చెంచా దాటకూడదు, ఎర్రగా వేగగానే తీసేయాలి, నల్లబడితే పచ్చడంతా చేదే. రెండో కారణం అల్లం అంచులు మాడడం.

లేత అల్లం కాదు, ముదురుదే కావాలి, ఘాటు దానిలోనే. తొక్క తీశాక 100 గ్రాములు. పీచుకు అడ్డంగా పల్చటి చక్రాలు కోయండి. నిలువుగా కోస్తే మిక్సీలో పీచు తాళ్లలా చుట్టుకుంటుంది. గింజ తీసిన చింతపండు 60 గ్రాములు, బెల్లం 120, ఎండుమిర్చి 25 గ్రాములు, మినప్పప్పు, శెనగపప్పు రెండేసి చెంచాలు. నూనెలో పప్పులు, మెంతులు, మిర్చి వేయించి తీసి, అదే నూనెలో అల్లం సన్న సెగ మీద పచ్చివాసన పోయేదాకా ఐదారు నిమిషాలు. చింతపండు మరిగిన నీళ్లలో నానాలి, పచ్చినీళ్లు తగలకూడదు. ముందు పప్పులు, మిర్చి పొడి చేసి, తర్వాత అల్లం, చింతపండు, ఉప్పు, చివర బెల్లం. బెల్లం ముందే వేస్తే పాకంలా జారి పప్పులు నలగవు.

రెండు రోజుల ముందు చేస్తేనే బాగుంటుంది. అప్పటికప్పుడు చేసిన అల్లం పచ్చడిలో పులుపు, తీపి, ఘాటు మూడూ విడివిడిగా నాలుకకు తగులుతాయి. తడి చెంచా పెట్టకపోతే ఫ్రిజ్‌లో వారం పైనే నిలవుంటుంది. వడ్డించేటప్పుడు మరిగించి చల్లార్చిన నీళ్లతో కొంచెం పలచన చేయండి.

డికాక్షన్
కాఫీకి. పొడి 85 గ్రాములు, నీళ్లు 550 మిల్లీలీటర్లు. పొడి తడిసి కొంత పట్టేసుకుంటుంది కాబట్టి 400 దాకా డికాక్షన్ దిగుతుంది. గ్లాసుకు 30 చొప్పున పన్నెండు మందికి సరిపోయి కొంచెం మిగులుతుంది. చిక్కటి పాలు లీటరున్నర. పొడిని గట్టిగా అదిమితే నీళ్లు దిగవు, అదమకపోతే ఐదు నిమిషాల్లో నీళ్లలా దిగిపోతుంది. ఫిల్టరు బిళ్లతో ఒక్కసారి తేలికగా నొక్కి వదిలేయండి. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి పోయండి. తొమ్మిదింటికి పోస్తే పదింటికి సిద్ధం, దీనికి మోత లేదు కాబట్టి ఎవరి నిద్రా పాడవదు. రాత్రే దించి పెట్టుకోవద్దు, పొద్దునకు సువాసన పోయి వగరు మిగులుతుంది. మరిగించడం అసలే వద్దు. వేడి డికాక్షన్ మీద పొంగే పాలు పోయడమే.

పాతబస్తీ_దేగ్చీ
ఇదే ప్రశ్నకు మా హైదరాబాద్ జవాబు వేరే ఉంటది. ఖవ్వాలీ, గజల్ మెహఫిల్ రాత్రి తర్వాత పొద్దెక్కినంక తినేది ఖిచిడీ, ఖీమా, ఖట్టా (నువ్వులు, చింతపండుతో చేసే పచ్చి పులుసు). మాంసం తినేవాళ్లుంటే పెనం ముందు గంటసేపు నిలబడే పనే లేదు. ఖీమా ముందు రోజే అయిపోతది, తెల్లారి ఒక్క ఖిచిడీ వండుకుంటే చాలు. పన్నెండు మందికి కొలతలు రాస్తున్నా.

ఖీమా: మటన్ ఖీమా కిలోంబావు. కడిగేది ముక్కలుగా ఉన్నప్పుడే, కొట్టించినంక కాదు. కొట్టిన ఖీమాను నీళ్లల్ల కడిగితే నీళ్లు పట్టుకుని ఎంత గోలించినా నీచు పోదు. ఉల్లిగడ్డలు అర కిలో సన్నగ తరిగి ఎర్రగ వేయించి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద మూడు పెద్ద చెంచాలు, పసుపు, కారం రెండున్నర చెంచాలు, ఖీమా వేసి పెద్ద మంట మీద కలుపుతనే ఉండాలె. ముందు నీళ్లు ఊరుతయి. ఆ నీళ్లు మొత్తం ఇగిరి నూనె చప్పుడు మొదలైనంకనే పెరుగు 200 గ్రాములు, కొంచెం కొంచెం. అప్పుడు ఒక గ్లాసు వేడి నీళ్లు పోసి మూత పెట్టి సన్న మంట మీద అరగంట. చివరికి మెంతికూర, కొత్మీర, గరం మసాల. నీళ్లు ఇగరకముందే పెరుగు వేస్తే ఖీమా ఉడుకుతది గాని గోలదు, రంగు తెల్లగ ఉంటది.

ఎండాకాలంల వండిన ఖీమా రాత్రంతా పొయ్యి మీద వదిలెయ్యొద్దు. వెడల్పు గిన్నెలకు తీసి చల్లార్చి గంటలోపే ఫ్రిజ్‌ల పెట్టాలె. తెల్లారి అంచులు కాదు, నడుమ కూడా పొగలు వచ్చేదాకా వేడి చేయాలె.

అనంత_బొరుగులు
ఖిచిడీ అంటే మాకు పొంగలిలా మెత్తగా తెలుసు. ఇది అట్లా ఉండదంటారే?

పాతబస్తీ_దేగ్చీ
ఉండదు. మా ఖిచిడీ గింజ గింజ విడిగ ఉండాలె, పసుపు రంగుల. బాస్మతి 900 గ్రాములు, మసూర్ పప్పు అంటే ఎర్రపప్పు 300. రెండూ కలిపి అరగంట నానాలె, ఎక్కువొద్దు. గంట దాటితే ఎర్రపప్పు వండేటప్పుడు కరిగి గుజ్జయితది, ఖిచిడీ మెత్తబడేది అందుకే. నెయ్యి, నూనె కలిపి షాజీర, లవంగాలు, పట్ట, ఇలాచి, ఉల్లిగడ్డలు ఎర్రగ, అల్లం ఎల్లిగడ్డ ముద్ద చెంచాన్నర, పసుపు. బియ్యం, పప్పు నీళ్లు వంపేసి వేసి రెండు నిమిషాలు నెమ్మదిగ తిప్పి, మరిగే నీళ్లు రెండున్నర లీటర్లు, ఉప్పు. నీళ్లు బియ్యం మట్టానికి వచ్చి బుడగలు కనిపించంగనే మంట పూర్తిగ తగ్గించి మూత మీద బరువు పెట్టి పన్నెండు నిమిషాలు. దించి పది నిమిషాలు ముట్టుకోవద్దు. వెంటనే గరిటె పెడితే గింజ విరుగుతది.

ఖట్టా: నువ్వులు 150 గ్రాములు సన్న మంట మీద, చిటపట మొదలైనంక అర నిమిషంల తీసెయ్యాలె, ఎర్రగైతే చేదు. జీలకర్ర చెంచా వేయించి రెండూ కలిపి మెత్తగ నూరాలె. చింతపండు 80 గ్రాముల రసంల కలిపి, నీళ్లు పోసి లీటరుంబావు దాకా చేయాలె. పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్మీర, పుదీన తరుగు. ఎండుమిర్చి, ఎల్లిపాయ, కరివేపాకు పోపు. పొయ్యి మీద మరిగించేది లేదు. పక్కన అప్పడాలు, ఉడకబెట్టిన గుడ్లు.

గోదారి_పెనం
నువ్వుల ఖట్టా మాంసం తిననివాళ్లకూ పనికొస్తుంది. ఖీమా బదులు బంగాళాదుంప వేపుడు పెట్టుకుంటే ఖిచిడీ, ఖట్టాతో శాకాహారులకు పూర్తి టిఫిన్ అవుతుంది.

అనంత_బొరుగులు
ఇద్దరే ఉండి ఒక్క పొయ్యే ఉంటే ఉగ్గాని (బొరుగుల ఉప్మా) కన్నా సులువైంది లేదు. ముందు రోజు పని పుట్నాల పొడి ఒక్కటే. ఇరవై నిమిషాల్లో పన్నెండు మందికి అయిపోతుంది.

బొరుగులు మనిషికి యాభై గ్రాముల లెక్కన 600. మందం బొరుగులైతే నీళ్లలో రెండు నిమిషాలు, పల్చటివైతే ముంచి తీయడమే. అరచేతుల మధ్య పెట్టి నీళ్లు కారేంత ఒత్తాలి, పిడికిలి బిగించి పిండితే ముద్దవుతుంది. ఒక్కసారే మొత్తం నానబెట్టొద్దు, మూడు వాయిలుగా. తిరగవాతలోకి ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) ఐదు, టమాటాలు నాలుగు, పచ్చిమిర్చి పన్నెండు దంచి, కరివేపాకు, పసుపు, ఉప్పు. టమాటా నీరు పూర్తిగా ఇగిరాకే బొరుగులు వేయాలి, లేకుంటే మళ్లీ తడిసి ముద్దే. స్టవ్ ఆపేశాక పుట్నాల పొడి 150 గ్రాములు, ఎండుకొబ్బరి కొంచెం కలిపి పైన చల్లి తిప్పి, నిమ్మకాయ పిండడం.

పక్కన మిరపకాయ బజ్జీ లేకుంటే ఉగ్గాని సగమే. శెనగపిండి అర కిలో, బియ్యప్పిండి 50 గ్రాములు, వాము చెంచా, సోడా పావు చెంచా. సోడా ఎక్కువైతే బజ్జీ నూనె తాగుతుంది. నూనెలో పిండి చుక్క వేస్తే అడుక్కి వెళ్లి వెంటనే తేలాలి. వేయగానే తేలి ఎర్రబడితే నూనె అతిగా కాగింది, పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పాడేవాళ్లకు బజ్జీ వద్దంటే ఉగ్గాని మాత్రం పెట్టండి, అది తేలికే.

డాలస్_వంటిల్లు
ఇక్కడ తెలుగు సంఘాల కచేరీలు ఎక్కువగా శనివారం రాత్రి పెడతారు, ఆదివారం పొద్దున ఇదే వంట. ఎలక్ట్రిక్ కాయిల్ స్టవ్ మీద "తగ్గించు, పోయి, పెంచు" కుదరదు, సెగ తగ్గించినా కాయిల్ నిమిషాల తరబడి వేడిగానే ఉంటుంది. పిండి పోసే ముందు పెనాన్నే ఇరవై క్షణాలు పక్కకు తీసి, తుడిచి, పోసి తిప్పి మళ్లీ కాయిల్ మీద పెట్టాలి. ఇండక్షన్ అయితే ఇనప పెనం బాగా పనిచేస్తుంది, కాకపోతే అడుగు చదునుగా ఉండాలి. గుంట పెనం నడుమ మాత్రమే కాలుతుంది.

ఇంకొకటి. ఇక్కడి దుకాణాల్లో పెసలు కొన్నిసార్లు పాతవి. ఐదు గంటలు నానినా కొన్ని గింజలు రాళ్లలాగే ఉండి గ్రైండరులో కటకటమంటాయి. నానాక గుప్పెడు తీసి గోటితో నొక్కి చూడండి. గట్టివి తగిలితే ఇంకో రెండు గంటలు. చలికాలం పంపునీళ్లు మరీ చల్లగా ఉంటాయి కాబట్టి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. ఎండుమిర్చి పోపు పెట్టే ముందు పొగ మర (చిమ్నీ ఫ్యాన్) పూర్తి వేగంలో పెట్టి కిటికీ తెరవండి. లేకపోతే స్మోక్ అలారం ఇంటిల్లిపాదినీ లేపుతుంది.

దుర్గి_భజన
శివరాత్రి జాగరణ భజన మర్నాడు పారణకు ఇదే పెట్టొచ్చా? ఉల్లి, వెల్లుల్లి లేకుండా కావాలి. ముప్ఫై మంది.

బెజవాడ_రుబ్బు
పెట్టొచ్చు. శివరాత్రి నాటికి రాత్రుళ్లు చల్లగానే ఉంటాయి, పెసలు బయటే ఆరు గంటలు నానినా ఏం కాదు. అట్టు మీద ఉల్లి బదులు అల్లం తరుగు, జీలకర్ర, కొత్తిమీర, కొబ్బరి కోరు. ఉప్మాలో ఇంగువ, జీడిపప్పు, క్యారెట్ తరుగు. పెనం తుడవడానికి ఉల్లిపాయ ముక్క బదులు వంకాయ తొడిమ వైపు ముక్క నూనెలో ముంచి వాడండి.

కానీ ఉపవాసం ఉన్న కడుపులోకి నేరుగా పెసరట్టు వద్దు. ముందు పలచటి మజ్జిగో, అరటిపండో ఇచ్చి అరగంట ఆగండి. అట్లు కూడా నూనె తగ్గించి పల్చగా పోయండి. ముప్ఫై మందికైతే రెండు పెనాలు చాలవు, 75 అట్లంటే రెండింటి మీద కూడా రెండు గంటల దాకా పడుతుంది. హోటల్లో వాడే పెద్ద పలక పెనం ఒకటి అద్దెకు తెచ్చుకోండి, వంటపాత్రల దుకాణాల్లో దొరుకుతుంది. ఒకేసారి ఐదారు అట్లు పడతాయి. అదీ కుదరకపోతే ఉప్మా, చట్నీలకే పరిమితమవండి, వేడిగా అందరికీ ఒకేసారి అందుతుంది.

పందిరి_కచేరీ
అందరికీ ధన్యవాదాలు. నేను రాసుకున్న వరస చూడండి. రెండు రోజుల ముందు అల్లం పచ్చడి. ముందు రోజు పన్నెండింటికి పెసలు నానబెట్టడం, మధ్యాహ్నం రవ్వ వేయించడం, నాలుగున్నరకు రుబ్బి మూడు గిన్నెల్లో ఫ్రిజ్‌లోకి. ఉల్లిపాయలు కూడా రాత్రి వచ్చాక కోసిపెట్టుకుందామనుకుంటున్నాం. పొద్దున తొమ్మిదికి డికాక్షన్, తొమ్మిదిన్నరకు పిండి బయటికి, పది ఇరవైకి ఉప్మా, పదిన్నరకు మొదటి అట్టు.

ఉప్మా_పక్షం
ఉల్లిపాయలు ఒక్కటీ మార్చుకోండి. రాత్రి కోసినవి పొద్దునకు నీరు వదిలి, ఘాటు వాసన కొడతాయి, ఫ్రిజ్‌లో పక్కనున్న పాలకు, పిండికి కూడా ఆ వాసన పట్టేస్తుంది. తొక్క మాత్రం రాత్రి తీసి డబ్బాలో పెట్టుకోండి, పొద్దున కోత పదిహేను నిమిషాల పని. అల్లం, మిర్చి తరుగు రాత్రిదైనా పర్వాలేదు.

గోదారి_పెనం
వరస బాగుంది. మొదటి అట్టు మాత్రం పది ఇరవైకే పోయండి, పదిన్నరకు కాదు. పెనం దారికి రావడానికి ఒకటి రెండు అట్లు పోతాయి, వాటిని లెక్కలో వేసుకోవద్దు. మిగిలిన పిండిలో ఉప్పు కలిపేసి ఉంటుంది కాబట్టి మర్నాటికి అట్టుకు పనికిరాదు. సాయంత్రమే కొంచెం బియ్యప్పిండి, ఉల్లి తరుగు కలిపి గట్టిగా చేసి పునుగులు వేసేయండి. ఉప్పు కలపని మూడో గిన్నె ముట్టకపోతే ఇంకో పూట ఫ్రిజ్‌లో ఆగుతుంది.

పందిరి_కచేరీ
మూడో గిన్నెకు ఉప్పు ఆఖరున కలుపుతాం. పలక పెనం కూడా అడిగి చూస్తాం.